జీబీఎస్‌తో వెంటిలేటర్ మీద పన్నెండు రోజులు: మనిషి మన మాట వింటాడా, మళ్లీ లేస్తాడా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 31 ఏళ్ల తమ్ముడు. విరేచనాలు తగ్గిన పది రోజులకి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి, మూడో రోజుకి మెట్లు ఎక్కలేకపోయాడు, ఐదో రోజుకి గుటక పడలేదు, ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు. గులియన్ బారీ సిండ్రోమ్, అంటే జీబీఎస్ అన్నారు, ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున నరాల మీద దాడి చేసే జబ్బు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఐదు రోజులు ఎక్కించారు. వెంటిలేటర్ మీద ఇవాళ పన్నెండో రోజు, చేతులు కాళ్లు కదలడం లేదు, కళ్లు మూసే ఉంటున్నాయి, బీపీ ఒకసారి ఆకాశానికి పోతోంది, ఒకసారి పడిపోతోంది. గొంతు దగ్గర రంధ్రం పెట్టాలంటున్నారు. బంధువులేమో "ఇంకేముంది అందులో" అంటున్నారు. మీరు అడిగింది ఇది: మందు పని చేయలేదా, మా మాటలు వింటున్నాడా, మళ్లీ లేస్తాడా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మధ్యలో మెదడుకి ఆక్సిజన్ అందని ప్రమాదం ఏదీ జరగకపోయి ఉంటే, మత్తు మందు లేని ప్రతి నిమిషం ఆయన మీ మాట వింటున్నాడు, అర్థం చేసుకుంటున్నాడు. పన్నెండో రోజుకి కదలిక రాలేదంటే మందు పని చేయలేదని కాదు, ఈ జబ్బు నడిచే తీరే అంత. తిరిగి లేచే అవకాశం లేకపోవడం కంటే ఉండటమే ఎక్కువ, కానీ లెక్క రోజుల్లో కాదు, వారాల్లో, నెలల్లో. ఈ వారాల్లో ఆయన్ని ప్రమాదంలో పడేసేవి ఎక్కువగా ఇన్‌ఫెక్షను, రక్తం గడ్డలు, గుండె లయ తప్పడం లాంటివి. వీటిలో చాలావాటిని కాచుకోవచ్చు.

నేను పంతొమ్మిదేళ్లుగా ఐసీయూలో పని చేస్తున్న డాక్టర్ని. జీబీఎస్ ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు. అందుకే మీ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు, తెలియని దాని మీద తీర్పులు చెప్పేవాళ్లు మాత్రం ఉంటారు. పెద్ద ఐసీయూలకి ఇది కొత్త కాదు, ఎందుకంటే జీబీఎస్ వచ్చినవాళ్లలో నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరం పడుతుంది, వాళ్లంతా మా దగ్గరికే వస్తారు. నేను మీ తమ్ముణ్ని చూడలేదు, కేస్ షీట్ చూడలేదు. కాబట్టి నేను చెప్పేదానికీ అక్కడి డాక్టర్లు చెప్పేదానికీ తేడా వస్తే వాళ్లనే అడగండి, వాళ్ల మాటే ముందు.

అసలు ఏం జరిగిందో చెప్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి. విరేచనాలు తెప్పించే క్రిముల్లో క్యాంపైలోబ్యాక్టర్ అని ఒకటుంది. దాని పైపొర మీద ఉండే చక్కెర అణువులు కొన్ని, మన నరాల మీద ఉండే గాంగ్లియోసైడ్లనే పదార్థాల్ని అచ్చు పోసినట్టు ఉంటాయి. ఒళ్లు ఆ క్రిమిని చంపడానికి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది, క్రిమి పోతుంది, విరేచనాలు తగ్గుతాయి, కానీ యాంటీబాడీలు మిగిలే ఉంటాయి. అవి నరాన్ని చూసి అదే క్రిమి అనుకుని మీద పడతాయి. మీ తమ్ముడికి కడుపు బాగయ్యాక జబ్బు మొదలవడం అందుకే. ఆ క్రిమి సోకినవాళ్లందరికీ ఇలా అవదు, దాదాపు వెయ్యి మందిలో ఒకరికి అవుతుంది. కొందరికి జలుబు, దగ్గు తగ్గాక వస్తుంది, కొందరికి ముందు ఏ జబ్బూ చేసినట్టే ఉండదు. కాబట్టి "ఆ రోజు బయట తిననివ్వకుండా ఉండాల్సింది" అని మీ అమ్మగారు కుమిలిపోతున్నారని రాశారే, ఆ మాట ఆవిడ మనసులోంచి తీసేయండి. ఎవరూ ఆపగలిగింది కాదు.

దెబ్బ తగిలింది మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ బయటికి వచ్చే నరాలకి. మెదడుకి కాదు. ఇదొక్కటి పట్టుకోండి. ఆలోచన, వినికిడి, జ్ఞాపకం, భయం, అన్నీ ఎప్పట్లాగే ఉంటాయి. కండరాలకి ఆజ్ఞ మోసే తీగలు మాత్రమే పని చేయడం లేదు.

ఇప్పుడు మందు సంగతి. ఇమ్యూనోగ్లోబ్యులిన్ని కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇస్తారు. లేదంటే ప్లాస్మా మార్పిడి చేస్తారు, రక్తంలో ఆ యాంటీబాడీలున్న ద్రవాన్ని తీసేసి వేరేది ఎక్కించడం. రెండూ సమానంగానే పని చేస్తాయి, ఒకటి చేశాక రెండోది కూడా చేస్తే అదనంగా వచ్చే మేలు లేదు. ఇక్కడ చాలా కుటుంబాలు పొరబడతాయి, ఆఖరి సీసా అయిన మర్నాడే వేలు కదలాలని ఎదురు చూస్తాయి. ఆ మందు దాడిని ఆపుతుంది. పాడైన నరాన్ని బాగు చేసేది మందు కాదు, ఒళ్లే. నిప్పు ఆర్పినంత మాత్రాన కాలిన ఇల్లు లేచి నిలబడదు కదా, కట్టుకోవాలి, దానికి రోజులు పడతాయి. జబ్బు మొదలైన రెండు వారాల వరకు, కొందరిలో నాలుగు వారాల వరకు కూడా బలహీనత పెరుగుతూ పోవచ్చు, తర్వాత కొన్నాళ్లు ఎటూ కదలకుండా ఉండిపోతుంది, ఆ తర్వాత మెల్లగా తేరుకుంటుంది. మీ తమ్ముడు ఇప్పుడు ఆ ఎటూ కదలని దశకి చేరాడు లేదా చేరబోతున్నాడు. చూసేవాళ్లకి అన్నిటికంటే కష్టమైన రోజులు ఇవే, ఎందుకంటే రోజూ వెళ్తారు, రోజూ అలాగే ఉంటాడు.

"ఇంకో కోర్సు ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇప్పిద్దాం, అప్పు చేసైనా" అని మీ బావగారు అంటున్నారని రాశారు. తొందరపడకండి. సరిగ్గా ఈ ప్రశ్న మీదే నెదర్లాండ్స్‌లో పరీక్ష చేసి చూశారు, ఫలితాలు 2021లో వచ్చాయి. కోలుకునే సూచనలు తక్కువగా ఉన్నవాళ్లకి రెండో కోర్సు ఇచ్చి చూస్తే మేలు కనపడలేదు, పైగా రక్తం గడ్డకట్టడం లాంటి తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువయ్యాయి. కొంచెం మెరుగై మళ్లీ దిగజారితే అది వేరే సంగతి, పదిమందిలో ఒకరికి అలా జరుగుతుంది, అప్పుడు డాక్టర్లు మళ్లీ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. స్టెరాయిడ్లు ఎవరైనా చెప్తే వద్దనండి, ఈ జబ్బులో అవి పని చేయవని ఎప్పుడో తేలిపోయింది. ఆ డబ్బు దాచండి. ముందు ముందు ఫిజియోథెరపీకి చాలా కావాలి.

ఇంకో అనుమానం కూడా రాశారు, మొదట్లో తీసిన వెన్ను నీటి రిపోర్టు నార్మల్ వచ్చిందని, అసలు జబ్బే వేరేదేమోనని. 1916లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, ఫ్రెంచి సైన్యంలోని డాక్టర్లు గులియన్, బారీ, స్ట్రోల్ కాళ్లు చచ్చుబడ్డ ఇద్దరు సైనికుల వెన్ను నీరు పరీక్షించి, అందులో ప్రోటీను పెరిగి కణాలు మాత్రం మామూలుగానే ఉండటం గమనించారు. ఆ గుర్తు మీదే ఇప్పటికీ ఆధారపడతాం. కానీ ప్రోటీను పెరగడానికి టైమ్ పడుతుంది, మొదటి వారంలో చాలామందికి నార్మలే వస్తుంది. నరాల కరెంటు పరీక్ష కూడా అంతే, మొదటి రోజుల్లో పూర్తిగా తేలకపోవచ్చు. మీరు రాసిన వరస, అంటే కింది నుంచి పైకి పాకడం, రెండు వైపులా సమానంగా ఉండటం, మోకాలి దగ్గర సుత్తితో కొడితే కాలు ఎగరకపోవడం, అంతా జీబీఎస్‌కి సరిపోతోంది.

వింటున్నాడని నేను అంత గట్టిగా ఎందుకంటున్నానో ఒక కేసు చెప్తాను. పదేళ్ల పైమాటే. నలభై దాటిన ఒకాయన, లెక్కల టీచరు, ఇదే జబ్బుతో మా దగ్గర పడుకున్నాడు. ఎనిమిదో రోజుకి ఒంట్లో ఒక్క కండరం కదలడం లేదు, కనుగుడ్లు కూడా. పొద్దున్న రౌండ్స్‌లో మా జూనియర్ డాక్టర్ రెప్పలు ఎత్తి టార్చి వేశాడు. కంటిపాప చిన్నది కాలేదు. మంచం పక్కనే నిలబడి "బ్రెయిన్ పోయినట్టుంది సార్" అన్నాడు. అతన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాను. మెదడు కరెంటు గీసే ఈఈజీ తీయించాం. మెలకువగా ఉన్న మనిషి గీతలే వచ్చాయి, చెవి దగ్గర పేరు పెట్టి పిలిస్తే ఆ గీతలు మారాయి కూడా. జబ్బు మరీ తీవ్రమైతే కంటిపాపకి వెళ్లే నరాలు కూడా దెబ్బతింటాయి, అప్పుడు చూడటానికి అంతా ముగిసిపోయినట్టే ఉంటుంది. కట్లపాము కాటులో కూడా ఇంతే, లోపల మనిషి పూర్తి మెలకువతో ఉంటాడు, బయట రెప్ప కూడా ఎత్తలేడు. ఆ టీచరుగారు దాదాపు రెండు నెలల తర్వాత పెదాలు కదిపి అడిగిన మొదటి మాటల్లో ఒకటి "టార్చి కుర్రాడు ఎక్కడ?" అని. ఆ కుర్రాడు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడు అతను కూడా ఐసీయూ డాక్టరే. కదలని పేషెంట్ దగ్గర ఏదైనా మాట్లాడాలంటే తన జూనియర్లని ముందు బయటికి పంపిస్తాడు.

కాబట్టి ఆ మంచం పక్కన ఆస్తి గురించి, అప్పు గురించి, ఆశ లేదని, ఏదీ మాట్లాడనివ్వకండి. బంధువులు ఎంత పెద్దవాళ్లైనా సరే. వెళ్లగానే మీరెవరో చెప్పండి, ఇవాళ ఏ వారమో, టైమ్ ఎంతో చెప్పండి, ఆయన ఎక్కడున్నాడో, ఏం జబ్బో, తగ్గే జబ్బని రోజూ చెప్పండి. నిన్న చెప్పాం కదా అనుకోకండి. ఇంట్లో జరిగిన చిన్న చిన్న సంగతులు చెప్పండి. చెయ్యి పట్టుకునే ముందు "చెయ్యి పట్టుకుంటున్నాను" అనండి.

ఆయన వైపు నుంచి జవాబు రాబట్టడం ఎలా? జీబీఎస్‌లో కనుగుడ్ల కదలిక చాలామందిలో మిగిలే ఉంటుంది, రెప్పలు ఎత్తలేకపోవడం వల్ల మనకి తెలియదు. నర్సుని అడిగి, చేతులు శుభ్రం చేసుకుని, మెల్లగా రెండు రెప్పలు వేలితో పైకెత్తి "పైకి చూడు" అనండి, ఐదారు సెకన్లు ఆగండి. తర్వాత "కిందకి చూడు". గుడ్డు వెంట్రుకవాసి కదిలినా చాలు. మీరు కనుబొమ్మ కొసన ఏదో కదిలినట్టు అనిపించిందని రాశారు, దాన్ని కూడా పరీక్షించండి. ఏ ఒక్క కదలిక నమ్మకంగా దొరికినా దాన్ని "అవును" కింద పెట్టుకోండి, లేకపోతే "కాదు". అది ఏ కదలికో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం తల దగ్గర అంటించండి. షిఫ్టు మారినప్పుడల్లా కొత్త నర్సుకి అది తెలియాలి, లేకపోతే పొద్దున్న దొరికిన భాష రాత్రికి పోతుంది.

ప్రశ్నలు కూడా ఒక వరసలో పెట్టుకోండి: నొప్పా? కఫం తీయాలా? పక్కకి తిప్పాలా? వేడిగా ఉందా? భయంగా ఉందా? మా దగ్గర ఒకసారి అక్షరాల చార్టు పెట్టాం. తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ పెడితే ఒక్క మాట పూర్తయ్యేలోపు మనిషి అలిసిపోతున్నాడు. ఆఖరికి ఆ పేషెంట్ భార్యే దారి కనిపెట్టింది. గుణింతాలు తీసేసి హల్లుల్ని వర్గాలుగా రాసింది, క వరస, చ వరస, ట వరస అలా. ముందు వరస అడుగుతుంది, తర్వాత అక్షరం, మిగతాది తనే ఊహిస్తుంది. మొదటి రోజు "మ", "డ", "మ" అని మూడు అక్షరాలు వచ్చాయి. మడమ. మడమ కింద పరుపు మడత పడి అప్పటికే చర్మం ఎర్రబడింది, మేమెవరం చూడలేదు. ఒక్క దిండు సర్దాం.

నొప్పి గురించి కూడా అడగండి, ఇది చాలాచోట్ల వదిలేస్తారు. కదలని మనిషికి నొప్పేంటి అనుకుంటారు. జీబీఎస్‌లో మూడింట రెండొంతుల మందికి నొప్పి ఉంటుంది, నడుములో, తొడల్లో, భుజాల మధ్య, కొందరికి దుప్పటి తగిలినా మంటే. గాబాపెంటిన్ లాంటి మందులకి బాగానే తగ్గుతుంది, కానీ ఎవరో ఒకరు అడగాలి కదా. ఫిజియోథెరపిస్టు కాలు వంచేటప్పుడు గుండె వేగం 90 నుంచి 130కి పోతుంటే ఆ మనిషి అరుస్తున్నాడనే లెక్క.

కలల సంగతి ముందే చెప్పి ఉంచుతాను, తర్వాత ఆయన చెప్పినప్పుడు మీరు భయపడకుండా. ఈ జబ్బులో కొందరికి మెలకువలోనే కలలు వస్తాయి, చాలా నిజంలా. ఒకామె తను నీళ్ల మీద తేలే గదిలో ఉన్నానని మూడు వారాలు నమ్మింది, వెంటిలేటర్ చప్పుడు ఆవిడకి అలల చప్పుడు. ఇంకొకాయన నర్సులు తనని ఎవరికో అమ్మేస్తున్నారనుకున్నాడు, మేము దగ్గరికి వెళ్తే గుండె దడదడలాడేది, కారణం మాకు నెలకి గానీ తెలియలేదు. పిచ్చి కాదు ఇది, నరాల జబ్బులో భాగమే, తగ్గిపోతుంది. రోజూ టైమూ చోటూ చెప్పమన్నది ఇందుకు కూడా.

బీపీ ఎందుకలా ఊగుతోందన్నారు. గుండెని, రక్తనాళాల్ని, పేగుల్ని, మూత్రాశయాన్ని మన ప్రమేయం లేకుండా నడిపే నరాలు కొన్ని ఉంటాయి, ఈ జబ్బు వాటినీ వదలదు. అందుకే పేగులు కదలక కడుపు ఉబ్బుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది, పై బీపీ పొద్దున్న 200, మధ్యాహ్నం 80. ఐసీయూలో నాకు టెన్షన్ పెట్టేది ఇదే. ఒకసారి నేను పక్కనే ఉండగా నర్సు సక్షన్ గొట్టం లోపలికి పెట్టింది, కఫం తీయడానికి, రోజూ చేసే పనే. మానిటర్ మీద గీత చదునైపోయింది. ఆరేడు సెకన్లు గుండె కొట్టుకోలేదు. గొట్టం బయటికి తీయగానే దానంతటదే మళ్లీ మొదలైంది. ఆ తర్వాత ఆ మంచం పక్కన గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు సిరంజిలోకి ఎక్కించి రెడీగా పెట్టాం, సక్షన్‌కి ముందు ప్రతిసారీ ఆక్సిజన్ పెంచేవాళ్లం. బీపీ పెరిగిన ప్రతిసారీ డాక్టర్లు వెంటనే మందు ఇవ్వడం లేదని మీకు కోపం వచ్చిందని రాశారు. వాళ్లు చేస్తున్నది సరైన పనే. పెరిగింది కదా అని గట్టి మందు ఇస్తే పది నిమిషాల్లో దానంతటదే పడిపోయినప్పుడు ఆ మందు ప్రాణం మీదకి తెస్తుంది. ఇవ్వక తప్పనప్పుడు నిమిషాల్లో దిగిపోయే మందు మాత్రమే ఇస్తాం.

గొంతు దగ్గర రంధ్రం, ట్రాకియాస్టమీ. చేయించండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ మాట వినగానే ఇంట్లోవాళ్లు "ఇక ఆశ వదిలేశారు" అనుకుంటారు, నా అనుభవంలో సగం కుటుంబాలు దీని మీద నాలుగైదు రోజులు పోగొట్టుకుంటాయి. రెండు వారాలు దగ్గరపడుతున్నా ఊపిరి కండరాలు తేరుకునే సూచన లేకపోతే మామూలుగా చేసేదే ఇది. నోట్లోంచి పోయే గొట్టం స్వరపేటిక మధ్యలోంచి వెళ్తుంది, నోరు మూయనివ్వదు, దాన్ని భరించడానికి మత్తు ఇస్తూ ఉండాలి. గొంతు గొట్టం పెడితే మత్తు ఆపేయొచ్చు, నోరు కడగొచ్చు, పెదాలు కదిలితే చదవొచ్చు, కుర్చీలో కూర్చోబెట్టొచ్చు, కొంచెం బలం వచ్చాక చిన్న వాల్వు పెట్టి మాట కూడా తెప్పించొచ్చు. ఊపిరి సొంతంగా తీసుకోగలిగాక, కఫం దగ్గి బయటికి తేగలిగాక గొట్టం తీసేస్తారు, చాలామందికి ఆ రంధ్రం కొద్ది రోజుల్లోనే పూడుకుంటుంది. చిన్న మచ్చ ఉంటుంది, అంతే.

మీరు రోజూ వెళ్లినప్పుడు చూసుకోదగ్గవి కొన్ని. రెప్పలు పూర్తిగా మూసుకుపడకపోతే కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, నరాలు బాగయ్యాక చూపు పోయి ఉంటే ఎంత అన్యాయం. చుక్కలు వేస్తున్నారా, టేపు పెడుతున్నారా అడగండి. పాదం ముందుకి వాలిపోయి బిగుసుకోకుండా పట్టీ కట్టాలి. వీపు, తుంటి, మడమలు, తల వెనక భాగం, ఇక్కడ చర్మం ఎర్రబడిందేమో చూడమనండి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా రోజూ చిన్న ఇంజెక్షను ఇస్తారు, ఇస్తున్నారో లేదో అడగడం తప్పు కాదు. అయితే అడిగే తీరు ముఖ్యం. ఆ నర్సులు పన్నెండు గంటలు నిలబడి ఉంటారు, మీ తమ్ముడి ప్రాణం డాక్టర్ల కంటే ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే ఉంది.

లేస్తాడా అన్నారు. జీబీఎస్ వచ్చినవాళ్లందరినీ కలిపి చూస్తే ఆరు నెలలకి పదిమందిలో ఎనిమిదిమంది ఎవరి సాయం లేకుండా నడుస్తారు. వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లలో అంతమంది ఉండరు, ఎక్కువ టైమ్ పడుతుంది, కానీ ఏడాది దాటాక, రెండేళ్ల తర్వాత కూడా మెరుగవుతూనే ఉంటారు. మీ తమ్ముడి వయసు ఆయనకి బలం. విరేచనాల తర్వాత రావడం, ఇంత వేగంగా పాకడం బలం కాదు, దాచను. నరం పైన ఉండే మైలిన్ అనే తొడుగు మాత్రమే ఊడితే వారాల్లో, నెలల్లో కొత్తది పడుతుంది. లోపలి తీగే తెగితే అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి, నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే చూడండి. మీ రిపోర్టులో ఏ రకమని రాశారో అడగండి, కానీ ఆ ఒక్క మాట మీద ఆశ పెంచుకోవద్దు, తుంచుకోవద్దు. తీగ రకమని రాసిన ఒక అమ్మాయి మూడున్నర వారాల్లో నడిచి ఇంటికెళ్లింది, ఎందుకంటే ఆమెకి తీగ తెగలేదు, కరెంటు పారడం మాత్రమే ఆగింది. అదే రకంతో వచ్చిన ఇంకో కుర్రాడికి నడక రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఇప్పటికీ ఒక పాదానికి పట్టీ ఉంది.

అందరూ బతకలేదు. మొత్తం మీద వందలో ముగ్గురు నుంచి ఏడుగురి దాకా పోతారు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. నా చేతుల్లో పోయినవాళ్లు నాకు గుర్తున్నారు. ఒకామె చేతి వేళ్లు కదపడం మొదలుపెట్టిన వారానికి ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డ వెళ్లి పోయింది. పైన ఆ చిన్న ఇంజెక్షను గురించి అడగమన్నానే, రాసేటప్పుడు ఆవిడే కళ్లముందు ఉంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట, మీ తమ్ముడికి ఆ దశ దాటిపోయింది. ఎవరికైనా అరికాళ్లలో తిమ్మిర్లతో మొదలై రోజురోజుకీ బలహీనత పైకి పాకుతుంటే, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు చూసి ధైర్యపడకండి. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి అంకెలు గట్టిగా లెక్కపెట్టించండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నలభై, యాభై దాకా వెళ్తారు. ఇరవై లోపే ఆగిపోతుంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నేను చదువుకునే రోజుల్లో, పేరు చెప్పను, ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ 97 ఉందని ఒక పేషెంట్‌ని జనరల్ వార్డులో ఉంచేశారు. రాత్రి పదకొండుకి ఆయన నాతో మాట్లాడుతూ ప్రతి మూడు మాటలకీ ఆగి గాలి పీల్చుకున్నాడు. అది గొంతు నీరసం అనుకున్నాను. తెల్లవారుజామున ఊపిరి ఆగిపోయింది. గుండె మళ్లీ కొట్టించాం కానీ మెదడు తేరుకోలేదు. ఆక్సిజన్ పడిపోవడం ఈ జబ్బులో ఆఖరి గుర్తు, అప్పటికే కండరాలు చేతులెత్తేసి ఉంటాయి. ఆ తర్వాత జీబీఎస్ పేషెంట్ ఎవరొచ్చినా మంచం దగ్గర నిలబడి నేనే అంకెలు లెక్కపెట్టిస్తాను, రెండు మూడు గంటలకోసారి, నిద్రలో ఉంటే లేపి మరీ.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. రోజూ వెళ్లి దుప్పటి కొంచెం పైకి జరిపి కాలి బొటనవేలే చూస్తున్నాం అని రాశారు. అందరూ అదే చేస్తారు, జబ్బు అక్కడ మొదలైంది కాబట్టి తగ్గడం కూడా అక్కడే మొదలవుతుందనుకుంటారు. మామూలుగా వెనక్కి వెళ్లేటప్పుడు వరస తిరగబడుతుంది. పొడవైన నరం చివర ఉన్న పాదం అన్నిటికంటే ఆలస్యం. ముందు తేరుకునేవి మెదడుకి, వెన్నుపాముకి దగ్గరగా ఉన్నవి: నుదురు, మెడ, భుజాలు, వెంటిలేటర్ ఇచ్చే గాలికి తోడు సొంతంగా తీసుకునే చిన్న చిన్న ఊపిర్లు. ఒక తల్లి ఇలాగే మూడు వారాలు కొడుకు కాలివేళ్ల దగ్గరే నిలబడింది. ఒకరోజు సాయంత్రం తల దువ్వడానికి పైకి వచ్చి, "సార్, వీడు భుజం ఎగరేస్తున్నాడు" అని అరిచింది. మేం కూడా చూడలేదు. ఎన్నాళ్లుగా ఎగరేస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఇవాళ సాయంత్రం వెళ్లినప్పుడు దుప్పటి భుజాల దగ్గర తీయండి, "భుజం పైకెత్తు" అని చెప్పి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగి చూడండి.